మా గల్లీ జాంబీ తాలీం

పోయిన నెల మిల్లు భోంగా గురించి రాశాను. చదివినవాళ్లు కొందరు దారిలో ఆపి, "మా ఇంట్ల గడియారమే లేకుండె, భోంగా మీదనే పొయ్యి అంటించేది" అని ముచ్చట చెప్పారు. సంతోషం. ఈ నెల కూడా పాత ముచ్చటే రాద్దామని కూర్చున్నాను. కానీ మా గల్లీలో ఒక సంగతి జరిగింది. దాన్ని పక్కన పెట్టి వేరేది రాస్తే మీ దగ్గర దాచినట్టు అవుతుంది. అందులో నా తప్పు ఉంది కాబట్టి అసలే దాచకూడదు.

సంగతి పేరు జాంబీ తాలీం.

జాంబీ అంటే తెలియని పెద్దవాళ్ల కోసం ముందు చెప్తాను. మన దయ్యం వేరు. దయ్యం కనబడుతుంది, మాయమైపోతుంది. జాంబీ అట్లా కాదు. చచ్చిన మనిషి ఒంటితోనే లేచి వస్తాడట. కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. మాట రాదు, గొంతులో చప్పుడు మాత్రం వస్తుంది. సొంత పెళ్లాన్ని కూడా గుర్తుపట్టడు. దొరికినవాళ్లను కరుస్తాడు. కరిపించుకున్నవాడు వాడు కూడా జాంబీ అవుతాడు. 2016లో కొరియావాళ్లు ట్రైన్ టు బుసాన్ అని ఒక సినిమా తీశారు, రైలు నిండా జాంబీలే. మన తెలుగులో 2021లో ప్రశాంత్ వర్మ జాంబీ రెడ్డి తీశాడు. మా గల్లీ పిల్లలు రెండూ ఫోన్‌లో చూశారు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో.

ఎండాకాలం సెలవులు. సోలాపూర్ ఎండ మీకు తెలుసు. పగలంతా పిల్లలు ఇంట్లో ఫోన్ ముందర, సాయంత్రం గల్లీలో. మా చిన్న మనవడు, పక్కింటి అక్కాచెల్లెళ్లు ఇద్దరు, చివరింటి పిల్లగాడు, కిరాణం దుకాణం ఆయన కొడుకు, మొత్తం ఐదుగురు. పెద్దదానికి పన్నెండేళ్లు, చిన్నోనికి ఎనిమిది. జాంబీలు వస్తే ఎట్లా కొట్టాలో వీళ్లే ఒక విద్య తయారు చేశారు. కరాటే ఉంది, కుస్తీ ఉంది, కర్రసాము ఉంది, జాంబీల కోసం ఏదీ లేదు కదా, అందుకని. గోడ మీద సుద్దతో నియమాలు రాశారు. రాసింది మరాఠీలో. మన పిల్లలకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. ఆ ముచ్చట ఇంకోసారి.

నియమాలు ఐదు. ఒకటి, కర్ర పొడుగంత దూరం ఉంచాలి, లోపలికి రానియ్యొద్దు. రెండు, వాడి చేతికి దొరకొద్దు. మూడు, ఒంటరిగా పోవద్దు, చుట్టూ నిలబడాలి. నాలుగు, కొడితే తల మీదే కొట్టాలి. ఐదు, వాడితో మాట్లాడొద్దు, వాడికి మాట అర్థం కాదు.

నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. ఆట బాగానే ఉంది కానీ కర్ర పట్టుకోవడం చూస్తే నవ్వొచ్చింది. ఒకడి చేతిలో నీళ్ల పైపు ముక్క, ఇంకొకరి చేతిలో చీపురు కట్టె. వాకిలి ఊడ్చినట్టు తిప్పుతున్నారు.

"గట్ల కాదురా. ముందు కాలు చూసుకోవాలె. కాలు సక్కగ లేకుంటే కర్ర ఏం చేస్తది?" అన్నాను.

"నీకొస్తదా తాతా?" అని ఐదుగురూ మీద పడ్డారు.

వస్తుంది. నాకు పదమూడేళ్లప్పుడు మా పేటలో తాలీం ఉండేది. నాలుగో తరగతితో బడి మానేశాక నన్ను నడిపించింది ఆ తాలీమే. లోపల ఎర్రమట్టి, గోడ గూట్లో మారుతి. పొద్దున పిల్లలు, సాయంత్రం మిల్లు దిగివచ్చిన మగవాళ్లు. మా వస్తాదు కుస్తీ నేర్పేవాడు, కర్ర నేర్పేవాడు, గణపతి నిమజ్జనానికి లేజీం కూడా నేర్పేవాడు. కర్ర అంటే మంచి వెదురు. నూనె పట్టించి నీడలో పెట్టేవాళ్లం. నిలబడే పద్ధతిని పవిత్రా అనేవాడు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మోకాలు కొంచెం వంచి, బరువు మధ్యలో. నెల రోజులు కర్ర చేతికి ఇవ్వకుండా కాళ్లే తిప్పించేవాడు. ఎవరి కాలు తప్పు పడితే వాడి మడమ మీద తన కర్రతో మెల్లగా తట్టేవాడు. తిట్టేవాడు కాదు. తట్టడమే.

అది పిల్లలకు నేర్పాను. పది పన్నెండు రోజులు నేర్పాను. అబద్ధం ఎందుకు, నాకే ఎక్కువ సంబరమైంది. మిల్లు మూతపడ్డాక నా చేతిలో ఉన్న పని ఎవరికీ అక్కరకు రాలేదు. సాంచా నడపడం ఏ మనవడు అడుగుతాడు? ఇప్పుడు ఐదుగురు పిల్లలు "తాతా ఇది చూపియ్యి, తాతా అది చూపియ్యి" అంటే ఎవరికి బాగుండదు? మా ఇంటావిడ బీడీలు చుట్టుకుంటూ, "ఈ వయసుల మోకాళ్లు పోతయ్" అని గొణిగింది. నేను వినలేదు.

ఒక్క చోట మాత్రం నేను ఒప్పుకోకూడనిది ఒప్పుకున్నాను. ఈ ముచ్చట అంతా దాని గురించే.

మా వస్తాదు దగ్గర మొదటి పాఠం సలాం. కర్ర కొన నేలకు ఆనించి, కుడి చెయ్యి ఛాతీకి తాకించి, ఎదుటివాని కళ్లలోకి చూడాలి. ఆ తర్వాతనే కర్ర లేవాలి. చిన్నప్పుడు మాకు అది దండగ అనిపించేది. ఒకసారి అడిగితే వస్తాదు చెప్పాడు: "ఎదురుంగ ఉన్నది మనిషి అని నీ చేతికి నువ్వు చెప్పుకునుడే సలాం. తర్వాత ఎంత కోపమొచ్చినా చెయ్యి మర్చిపోదు."

ఇది పిల్లలకు చెప్తే మా చిన్నోడు పట్టుకున్నాడు. "జాంబీకి సలాం ఎందుకు తాతా? అది మనిషి కాదు గదా. సలాం చేసే లోపల్నే కరుస్తది."

మిగతా నలుగురూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. "సరే తియ్యి, మీ తాలీంల సలాం వద్దు" అన్నాను.

ఇక జరిగింది రాస్తాను.

మిల్లులో నాకు ఒక జోడీదారు ఉండేవాడు. ఇద్దరివీ అవే సాంచాలు. నేను దిగితే ఆయన ఎక్కేవాడు, ఆయన దిగితే నేను. పద్నాలుగేళ్లు. పాళి మారే పది నిమిషాలే మా ఇద్దరి ముచ్చట. ఏ సాంచా సతాయిస్తోంది, ఏ పడుగు తెగుతోంది, ఎవరి ఇంట్లో ఏమైంది, అంతా ఆ పది నిమిషాల్లోనే. అంతకుముందు తాలీంలో కూడా ఒక్క మట్టి మీదనే పెరిగాం. పేరు రాయను, వాళ్ల ఇంట్లో వద్దన్నారు. జోడీదారు అనే రాస్తాను.

ఆయనకు రెండేళ్ల కింద లక్వా కొట్టింది. పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు వంగింది, కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. గాలి సోకిందని ఒక రోజంతా ఇంట్లోనే నూనె రుద్దారు. మరునాడు దవాఖానకు తీసుకుపోతే, ఆలస్యం చేశారు అన్నాడు డాక్టరు. ఇది చదివేవాళ్లు గుర్తు పెట్టుకోండి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఈ మూడింట్లో ఒక్కటి హఠాత్తుగా కనబడినా నూనె సీసా వెతకొద్దు, ఆటో వెతకండి. మెదడు నరంలో రక్తం గడ్డకట్టి వచ్చిన లక్వా అయితే దాన్ని కరిగించే సూది ఉంది. అది నాలుగున్నర గంటల లోపలే పని చేస్తుంది. ఎంత తొందరగా పోతే అంత మంచిది. మా జోడీదారుకు ఆ గంటలు ఇంట్లోనే పోయాయి.

ప్రాణం నిలబడింది. కానీ కుడి కాలు ఈడుస్తాడు. కుడి చెయ్యి ఛాతీ ముందరికి వంగి బిగుసుకుపోయింది. మాట లేదు, గొంతులో చప్పుడు వస్తుంది. లోపల అంతా తెలుస్తుంది, బయటికి రాదు. రోజూ సాయంత్రం కొంత దూరం నడవాలని డాక్టరు చెప్పాడు. కోడలో, వదినో వెంట వచ్చేవాళ్లు. ఆ రోజు వదినకు కార్ఖానాలో బీడీలు ఒప్పజెప్పేది ఉండి ఆలస్యమైంది. ఆయన ఒక్కడే కర్ర పట్టుకుని బయలుదేరాడు. నడుస్తూ నడుస్తూ మా గల్లీ దాకా వచ్చాడు. అప్పుడే లైట్ పోయింది.

నేను లోపల చాయ్ తాగుతున్నాను. బయట పిల్లల అరుపు వినబడింది, తర్వాత ఒక్కసారిగా చప్పుడు లేదు. ఐదో నియమం. మాట్లాడొద్దు.

బయటికి వచ్చి చూశాను. ఐదుగురు ఒక మనిషి చుట్టూ నిలబడి ఉన్నారు. కర్ర పొడుగంత దూరం. అందరి కాళ్లూ పవిత్రాలో, ఒక్కరి మడమ తప్పు పడలేదు. నేను నేర్పింది నేర్పినట్టే. మధ్యలో మా జోడీదారు. గోడకు వీపు ఆనించి మోరి అంచున నిలబడ్డాడు. చేతికర్ర కింద పడింది. ధోతి తడిసింది. మా చిన్నోని పైపు ఆయన భుజానికి తగులుతోంది. గట్టిగా కాదు, పొడిచి చూసినట్టు.

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా లేపి ఛాతీకి ఆనించాడు. పిల్లల వైపు చూసి తల కొంచెం వంచాడు.

పిల్లలకు అది ఏమిటో తెలియదు. నాకు తెలుసు. అది మా వస్తాదు సలాం. కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చేత్తో చేశాడు.

నేను అరిచానో ఏడ్చానో గుర్తు లేదు. పిల్లలు కర్రలు పడేసి ఉరికారు. ఆయనను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాను. నా లుంగీ ఒకటి కట్టించి ఇంటికి నడిపించుకుపోయాను. నాలుగు గల్లీల దూరం. వదిన అప్పుడే వచ్చి ఆయన కోసం వెతుకుతోంది. జరిగింది చెప్పాను. కోపం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "పిల్లలు గదా అన్నా, వాళ్లకేం తెలుసు" అంది. తర్వాత నీళ్లిస్తూ, "మీరు మా ఇంటికొచ్చి ఎన్నిరోజులైందన్నా?" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది.

లెక్క వేసుకున్నాను. లక్వా వచ్చిన కొత్తలో రెండుసార్లు పోయాను. మాట రాని మనిషి ముందర ఏం మాట్లాడాలో తోచక తొందరగా లేచి వచ్చాను. తర్వాత పోలేదు. దారిలో దూరం నుంచి కనబడితే ఒకటి రెండు సార్లు పక్క గల్లీలో తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. పద్నాలుగేళ్ల జోడీదారు, నాలుగు గల్లీల అవతల. ఏడాదిన్నర దాటింది.

రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. పిల్లలు గోడ మీద రాసిన నియమాలే కళ్ల ముందర. దూరం ఉంచాలి. చేతికి దొరకొద్దు. మాట్లాడొద్దు, వాడికి అర్థం కాదు. ఇవి పిల్లలు సినిమాలో చూసి నేర్చుకున్నవి అనుకున్నాను. నేను ఏ సినిమా చూడకుండానే ఏడాదిన్నర నుంచి ఆడుతున్నాను. నా చేతిలో కర్ర లేదు, అంతే తేడా.

మరునాడు మా పెద్ద మనవరాలితో ఈ మాట అన్నాను. డిగ్రీ చదువుతోంది. ఆమె, "తాతా, జాంబీ అసలు కథ నీకు తెలుసా? అది కూలోళ్ల కథ" అంది. ఫోన్‌లో వెతికి, చదివి, తెలుగులో చెప్పింది. నేను విన్నది రాస్తాను.

అమెరికా ఖండం దగ్గర సముద్రంలో హైతీ అని ఒక దేశం ఉంది. ముందు అది ఫ్రాన్స్‌వాళ్ల చేతిలో ఉండేది. ఆఫ్రికా నుంచి మనుషులను ఓడల్లో పట్టుకొచ్చి చెరకు తోటల్లో బానిసలుగా పెట్టారు. పనిలోనే చచ్చేవాళ్లు. ఆ బానిసలే తిరగబడి, కొట్లాడి, 1804లో దేశం స్వతంత్రం చేసుకున్నారు. ఆ దేశపు జనం చెప్పుకునే భయం జాంబీ. బోకోర్ అనే మంత్రగాడు చచ్చినవాణ్ని లేపి, మనసు తీసేసి, పొలంలో పనికి పెడతాడట. ఆ జాంబీ ఎవరినీ కరవడు. అడిగింది చేస్తాడు, రాత్రీ పగలూ చేస్తాడు, కూలి అడగడు. అక్కడివాళ్లకు భయం జాంబీ వచ్చి కరుస్తాడని కాదు. చచ్చినాక కూడా పని తప్పదేమో, నేనే జాంబీ అవుతానేమో అని.

1929లో సీబ్రూక్ అనే అమెరికా ఆయన అక్కడ విన్న కథ ఒకటి పుస్తకంలో రాశాడు. ఒక ముకద్దం లాంటివాడు జాంబీల గుంపును తోలుకొచ్చి చెరకు తోటలో పనికి పెట్టాడట. అందరి కూలీ వాడే తీసుకునేవాడు. వాళ్లకు చప్పిడి తిండి పెట్టేవాడు. ఎందుకంటే జాంబీ నాలుకకు ఉప్పు తగలకూడదు. తగిలితే తెలివి వస్తుంది. ఒక పండుగ రోజు వాడి భార్యకు వాళ్లను చూసి జాలి వేసింది. తీపి బిళ్లలు కొనిపెట్టింది. ఆ బిళ్లల్లో ఉప్పు వేసిన గింజలు ఉన్నాయని ఆమెకు తెలియదు. ఉప్పు తగలగానే వాళ్లకు అంతా గుర్తుకొచ్చింది. లేచి సొంత ఊరి దారి పట్టారు. ఊళ్లో తల్లులు, పెళ్లాలు గుర్తుపట్టి పిలిచారు. వాళ్లు ఆగలేదు, ఎవరి సమాధి దగ్గరికి వాళ్లు పోయి పడుకున్నారు.

1932లో వైట్ జాంబీ అని సినిమా వచ్చింది. అందులో చక్కెర మిల్లు ఉంది, మా మనవరాలు ఆ భాగం చూపించింది. జాంబీలు చెరకు గానుగ తిప్పుతుంటారు. ఒకడు కాలు జారి గానుగలో పడతాడు. మిగతావాళ్లు తల తిప్పరు. చక్రం ఆగదు. నేను ఫోన్ కింద పెట్టేశాను. ఎవరు మిల్లులో పని చేసినా అది చూడలేరు.

తర్వాత 1968లో జార్జ్ రొమేరో అనే ఆయన తీసిన సినిమాలో చచ్చినవాళ్లు లేచి మనుషులను తింటారు. ఆ సినిమాలో జాంబీ అనే మాటే లేదట. కానీ అప్పటి నుంచి ఆ పేరు వీళ్లకే అంటుకుంది. కూలివాడు పోయి కరిచేవాడు వచ్చాడు. పని చేయించుకున్నవాడు కథలో నుంచే మాయమైపోయాడు.

మేము మిల్లులో జాంబీలమా అంటే, కాదు. జీతం తీసుకున్నాం, సంఘం పెట్టుకున్నాం, సమ్మె చేశాం. రాత్‌పాళి చివర్లో కళ్లు తెరిచే నిద్రపోతూ నడిచిన రోజులు ఉన్నాయి, అది నిజమే. కానీ ఒకసారి కొత్తగా వచ్చిన బదలీ పిల్లగాని చెయ్యి బెల్టులో పడితే మా ఖాతా అంతా ఒక్క నిమిషంలో ఆగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికి వాళ్లే ఆపి ఉరికారు. ఆ పిల్లగాణ్ని భుజం మీద వేసుకుని గేటు దాకా మోసింది ఎవరు అనుకున్నారు? మా జోడీదారే. సాంచాలు ఎందుకు ఆపారని జాబర్ అరిచాడు. అరవనీ. మేము తల తిప్పి చూశాం.

అట్లా తల తిప్పి చూసిన నేను, మిల్లు మూతపడ్డాక, నా జోడీదారు పడిపోతే తల తిప్పలేదు. ఇది నాకు నేను చెప్పుకోవాల్సిన మాట. రాస్తే తప్ప నోటికి రావడం లేదు.

పిల్లలు రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు ఐదుగురినీ అరుగు మీద కూర్చోబెట్టాను. కొట్టలేదు, తిట్టలేదు. మా పెద్ద మనవరాలితో హైతీ కథ చెప్పించాను. అంతా విని మా చిన్నోడు చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "అయితే మనం తప్పు మనిషిని కొడుతున్నం గదా తాతా. కొట్టాల్సింది జాంబీని కాదు, జాంబీని చేసినోణ్ని."

నాలుగో తరగతి చదివిన నాకు అరవై దాటినా తోచని మాట.

పక్కింటి పెద్దపిల్ల, "తాతకు ఉప్పు పెడ్తే మాట వస్తదా?" అని అడిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అయినా ఐదుగురినీ తీసుకుని వాళ్ల ఇంటికి పోయాను. పిల్లలు ఉప్పు వేసిన మజ్జిగ చెంబు పట్టుకొచ్చారు. వదిన చూసి, "అయ్యో, డాక్టరు ఆయనకు ఉప్పు తగ్గించమన్నడు, బీపీ ఉంది" అంది. ఆ మజ్జిగ మేమే తాగాం. ఆయనకు చప్పటి మజ్జిగ ఇచ్చారు. ఆ ఉప్పు ఆయనకు కాదు, తెలివి రావాల్సింది మాకే.

చిన్నోడు ఆయన ముందర నిలబడి, కర్ర నేలకు ఆనించి, కుడి చెయ్యి ఛాతీకి తాకించి సలాం చేశాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన ఎడమ చేత్తో తిరిగి చేశాడు. ఆయన ముఖంలో సగమే నవ్వుతుంది ఇప్పుడు. ఆ సగం నవ్వింది.

గోడ మీద నియమాలు తుడిచి కొత్తవి రాశారు. ఇవి కూడా మరాఠీలోనే. తాలీం పేరు మాత్రం అదే ఉంచారు, మార్చమంటే ఒప్పుకోలేదు. ఒకటి, ముందు సలాం. రెండు, పేరుతోనో వరుసతోనో పిలవాలి, జవాబు రాకున్నా పిలవాలి. మూడు, దూరం చెయ్యి చాపితే అందేంత, ఎక్కువ కాదు. నాలుగు, ఒంటరిగా పోనియ్యొద్దు. ఐదు, పడిపోయే పక్కన నిలబడాలి.

ఈ ఐదోది దవాఖానలో వ్యాయామం చేయించే ఆమె వదినకు చెప్పిందట. లక్వా మనిషిని నడిపించేటప్పుడు బలం ఉన్న పక్కన కాదు, బలం లేని పక్కన, అరడుగు వెనక నిలబడాలి. చెయ్యి పట్టి గుంజకూడదు, నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టుకుంటే ఆయన తూలినా మనం తూలం. ఇది విని నాకు ఆశ్చర్యమైంది. ఇది పవిత్రానే. మా వస్తాదు కొట్టడానికి నేర్పాడనుకున్న కాలు, పట్టుకోవడానికి కూడా అదే కాలు.

పిల్లలకు బరువు ఆగదు కాబట్టి ఆ పక్కన నేను నిలబడతాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరు గంటలకు జాంబీ తాలీం బయలుదేరుతుంది. ముందు ఇద్దరు, దారిలో సైకిళ్లు, బండ్లు ఆపడానికి. వెనక ఇద్దరు. చిన్నోడు ఆయన ఎడమ పక్కన, దారిలో ఎవరు కనబడితే వాళ్ల పేరు చెప్తూ. మొదట్లో జనం వింతగా చూశారు. ఇప్పుడు దుకాణం దగ్గర కూర్చున్నవాళ్లు లేచి, "ఏం పటేల్, ఎట్లున్నవ్?" అని పలకరిస్తారు. ఆయన గొంతులో చప్పుడు చేస్తాడు. అందులో ఏది అవును, ఏది కాదు, ఏది చాయ్ కావాలె అన్నది మా చిన్నోడు ఇప్పుడు చెప్పగలడు. నాకంటే వాడికే ఎక్కువ అర్థమవుతుంది.

పోయిన ఆదివారం మిల్లు గోడ దాకా పోయాం. అక్కడ ఒక చెట్టు నీడ ఉంది. పిల్లలు ఆటగా కర్ర తిప్పుతుంటే ఆయన చూస్తున్నాడు. కిరాణం ఆయన కొడుకు వెనక కాలు కొంచెం వంకరగా పడింది. నేను కూడా గమనించలేదు. మా జోడీదారు తన చేతికర్రను ఎడమ చేత్తో మెల్లగా లేపి, ఆ పిల్లగాని మడమ మీద తట్టాడు.

పిల్లగాడు కాలు సరి చేసుకున్నాడు. ఆయన తల ఊపాడు.

మీ గల్లీలో కూడా ఒకరు ఉంటారు. లక్వా వచ్చినవాళ్లు, చెవులు పోయినవాళ్లు, తాగుడుకు పడినవాళ్లు, మనసు చెదిరినవాళ్లు. ఒకప్పుడు మన పక్క సాంచా మీద నిలబడినవాళ్లే. ఈ పత్రిక మడిచి పెట్టాక ఒకసారి పోయి రండి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఏమీ మాట్లాడకండి. పక్కన కూర్చోండి. ఎట్లా ఉన్నారో పత్రికకు రాయండి.

వచ్చే నెల బదలీ కామగార్ల గురించి రాస్తాను. ఆ రోజుల హజరీ పాసులు ఎవరి దగ్గరైనా ఉంటే జాగ్రత్తగా పెట్టండి, చూడడానికి నేనే వస్తాను. ఈసారి ఆలస్యం చెయ్యను.